ఏడో నెల పడగానే

ముత్తియాల్‌పేట,
పుదుచ్చేరి.

అమ్మకి సునీత నమస్కరించి రాసేది. నువ్వు, నాన్న, నానమ్మ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేం బాగానే ఉన్నాం, కడుపులో బిడ్డా బాగుంది. ముందే చెప్తున్నాను, కంగారు పడకు. ఫోన్లో నీ గొంతు వినగానే ఏడుపొచ్చేస్తోంది, చెప్పాల్సింది చెప్పలేకపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ఆయన ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా నేనొక్కదాన్నే. ఒకటే ఉక్కపోత. ఇక్కడి కూరల్లో మన యానాం కారం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఉసిరికాయ పచ్చడి పంపించు.

పోయినసారి మూడో నెలలో కడుపు పోయినప్పుడు, మెట్లు ఎక్కి దిగబట్టే అలా అయిందని అందరూ అన్నారు కదా. అందుకే ఈసారి ఆరు నెలలూ మంచం దిగితే ఒట్టు. డాక్టరమ్మ రోజూ కాసేపు నడవమంటే తలూపి, ఇంటికొచ్చి పడుకునేదాన్ని. మొన్న ఏడో నెల పడింది. ఇక ఒళ్ళు వంచకపోతే కాన్పు కష్టమవుతుందన్నావు నువ్వు. నీ కూతురు ఊరుకుంటుందా! ఆయన ఆఫీసుకి వెళ్ళగానే కొంగు దోపి ఇల్లంతా ఊడ్చి, గొంతుక్కూర్చుని నేల తుడిచి, వాకిట్లో ఇంత పెద్ద ముగ్గు మొదలుపెట్టాను.

సగంలోనే కడుపు రాయిలా బిగుసుకుపోయింది. వదిలి మళ్ళీ బిగిసింది. అమ్మా, మళ్ళీ అంతా అయిపోయిందనుకున్నాను. ముగ్గు గిన్నె వదిలేసి అక్కడే కూలబడ్డాను. పక్కింటి మంగమ్మత్త చూసి పరుగెత్తుకొచ్చింది. వాళ్ళు తాతల నాడే ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. "ఏందమ్మా ఇది, యాడ నొస్తా ఉంది? కదలబాక, ఆటో పిలస్తా," అంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించేదాకా నాకు ఊపిరాడలేదు. "ఆరు నెలలు పడుకుని ఒక్క పూటలో ఇంత పని చేస్తే ఒళ్ళు ఊరుకుంటుందా? పోయినసారి పోయింది మెట్ల వల్ల కాదు. రోజూ కొంచెం కొంచెం నడువు. కడుపు బిగిస్తే ఆగు, వదలకపోతే వెంటనే రా," అని కోప్పడింది.

ఇప్పుడు సాయంత్రాలు మంగమ్మత్త వీధి చివరిదాకా నడిపిస్తోంది. సందెవేళ బయటికా అని కోప్పడకు, నా గుప్పిట్లో వేపరెమ్మ పెట్టాకే గడప దాటనిస్తోంది. "నేనుండా గదా, నడూ," అంటుంది. నడుస్తాను. కానీ అడుగు వేస్తే ఏమవుతుందోనని భయం, కూర్చుంటే ఏమవుతుందోనని భయం. బిడ్డ కాసేపు కదలకపోతే పొట్ట మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోతాను. ఈ భయం సంగతి ఆయనకి చెప్పలేదు, ఆయన నాకన్నా పిరికి.

నాన్నకి, నానమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఈసారి మీ దీవెనలు ఇద్దరికీ కావాలి.

అమ్మా, ఒక్క మాట. రోజూ ఫోన్ చేసి పడుకున్నావా, లేచావా, పని చేశావా అని అడుగుతావు. ఏం చెప్తే తప్పో తెలియక ఆఁ ఆఁ అంటున్నాను. ఈ ఉత్తరం అందాక అవేవీ అడక్కు. భయమేస్తోందా అని అడుగు.

నీ
సునీత