తెగిన పోగు

గుడియాత్తం, 4-8-1913

అక్కకు ఎల్లప్ప నమస్కారం. వేళకు తింటున్నాను, దిగులుపడొద్దు.

నాకూ కుప్పమ్మకూ తెగతెంపులయ్యాయి. కులపెద్ద మాకు నూలుపోగు చెరో కొస పట్టించి నడుమ తెంచాడు. "ఇంగ ఎవురి దావ వాళ్లదప్పా" అన్నాడు. మగ్గం అలవాటు కొద్దీ నా వేళ్లు ఆ తెగిన పోగును ముడేసేశాయి! పెద్ద తిట్టి మళ్లీ తెంచాడు. కుప్పమ్మ ఆ రెండు ముక్కలూ కొంగున కట్టుకుని పుట్టింటికి పోయింది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కడినే. మగ్గం మీద పోగు తెగితే, నేను వంగేలోపలే ముడిపడి ఉంటోంది. అది కుప్పమ్మ ముడే, ఎడమచేతి వాటం.

రాగిపిండి పంపు. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఆమె పుట్టిల్లు ఒడుగత్తూరులో మీ వీధే కదా, కనుక్కుని రాయి: ఆమె కొంగులో ఆ పోగు ఇంకా రెండు ముక్కలుగానే ఉందా?