కారా-బెల్ దారి మూసిన జూరాకాన్

కారా-బెల్ కనుమ,
ఫిబ్రవరి 19, 1998.

గౌరవనీయులైన ఎర్మెక్ బావగారికి ఒమూర్‌జాక్ సలాములు. చెల్లెమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని, మీ గొర్రెలు ఈ చలిని తట్టుకున్నాయని ఆశిస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం.

పదహారు రోజులు తవ్వి ఇవాళే దారి తెరిచాం. పెళ్లికూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి ఇక్కడే చిక్కుకుపోయిన మీ అబ్బాయి అదిలెత్‌ను పంపుతూ ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను.

పెళ్లి విందుకు గుర్రాన్ని కోసి, ఊరంతటినీ పిలిచి, సాయంత్రం దాకా మాకోసం చూశారు. మేం రాలేదు. "మంచు విరిగిపడింది మధ్యాహ్నం కదా, పొద్దున్నే దాటలేకపోయారా? మావాణ్ణి పంపెయ్యండి, ఈ సంబంధం వద్దు" అని రోడ్డు శాఖ రేడియోలో కబురంపారు. దారి మూసిన జూరాకాన్ అక్కను పిచ్చి ముసలిది అన్నారట. నన్ను ఎన్నయినా అనండి, ఆవిణ్ణి అనకండి. ముప్ఫై ఏళ్లుగా ఈ కనుమలో మంచును పరీక్షిస్తున్న మనిషి ఆవిడ.

ఆ పొద్దున ఎండ ఫెళ్లున కాస్తోంది. రిబ్బన్లు కట్టిన మూడు కార్లతో గేటు దగ్గరికి వచ్చాం. అక్క చెయ్యెత్తింది.

"ఇవాళ కాదు. ఇంటికెళ్లి టీ తాగండి."

"మంచు ఆగి రెండ్రోజులైంది కదక్కా!" అన్నాను.

"పైన ఆగింది. అడుగున ఏముందో రా, చూపిస్తా."

"ఈవిడకి పెళ్లంటే గిట్టదు" అని మా బావమరిది గొణిగాడు.

"మూడుసార్లు చేసుకున్నాన్రా, గిట్టకపోవడమేంటి!" అంది అక్క వెనక్కి తిరక్కుండానే.

పక్క వాలులో నిలువెత్తు గొయ్యి తవ్వింది. పైన గాలికి బిగుసుకుని పలక కట్టిన మంచు. అడుగున నవంబరులో పల్చగా పడి, పొడి చలికి పలుకులుగా మారిన మంచు. పిడికెడు నా చేతిలో పోసింది. పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఉండ చేయబోతే నిలవలేదు.

తర్వాత రంపంతో మంచును స్తంభంలా కోసి, పైన పార పెట్టి అరచేత్తో తట్టింది. పదకొండో దెబ్బకు పై దిమ్మంతా ఒక్కసారి నా కాళ్ల మీదికి వచ్చిపడింది.

"ఇక్కడ నా చెయ్యి కావాల్సొచ్చింది. రోడ్డు మీదున్న ఆ పెద్ద వాలుకు మధ్యాహ్నపు ఎండ చాలు" అంది.

ఒంటిగంటా నలభైకి వాలు ఈ చివర నుంచి ఆ చివరకు కత్తితో గీసినట్టు చీలింది. మూడో మలుపు దగ్గర రోడ్డన్నది లేకుండా పోయింది. నేను ముప్ఫై ఏళ్లు ఆ వాలును చూశాను బావగారూ. ఆవిడ దాని లోపలికి చూసింది.

పిల్లల మనసులు విరచకండి.

మీ
ఒమూర్‌జాక్

తా.క. ఉత్తరం మడిచాను గానీ మనసొప్పక మళ్లీ విప్పాను. ఆవిడ ఆపగానే మేం ఆగలేదు. గొయ్యి చూశాక కూడా, రోడ్డు మేస్త్రీనన్న పొగరుతో నా దగ్గరున్న తాళంచెవితో గేటు తీశాను. మొదటి కారును ముందు పంపాను. నడిపింది మీ అదిలెత్, పక్కన నా కూతురు గుల్‌బారా. అక్క స్కీల మీద అడ్డదారిన దిగి, రెండో మలుపులో కారు ముందు కూర్చుంది. "పోనిస్తే నామీదుగా పోనివ్వండి" అందట. గంటసేపు బతిమాలినా లేవలేదు. వాళ్లు ఆమెతో వాదిస్తూండగానే ఎదురుగా మూడో మలుపు మంచులో కలిసిపోయింది. నా ఉద్యోగం పోతుందని పిల్లలిద్దరూ నోరు మెదపలేదు. నేనే ఇవాళ పైవాళ్లకు అంతా రాసి పంపాను.

అక్క రిజిస్టరులో ఆ రోజు పేజీ తీసి చూశాను. "ఎండ. దారి మూశాం. ఎవరికీ ఏమీ కాలేదు" అని ఉంది. నా పేరు రాయలేదు.