నాలుగు గొంతుల్లో హర్షిణి

ఇంద్రేశం

నా బంగారు తల్లి హర్షిణికి, నిండు మనసుతో దీవించి నాయిన మొగులయ్య రాసేది.

పుణె నుంచి నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. భజన మండలి స్పీకర్‌కు పెట్టి విన్నాం. నా బిడ్డ అయిదువందల ఏండ్ల నాటి చర్చి పాట పాడింది! సంతోషంతో అన్నం సయించలేదు. కానీ తల్లీ, మీ పాటల బృందంవాళ్లకు మర్యాద తెలియదు. భజనలో ఒకరు చెప్పాలి, అది అయ్యాకే మిగతావాళ్లు అందుకోవాలి. అక్కడేమో ఒకరు ముగించకముందే ఇంకొకరు, ఆమె ఆగకముందే మూడోవారు! డోలక్ లేదు, తాళాలు లేవు. మీ గురువుగారికి నేనొక ముక్క రాయనా?

నీ పాటతో కడుపు నిండిన
నాయిన

తా.క.: "కొట్లాడుతున్నరా ఏంది?" అని పక్కింటి రాజవ్వ అడిగింది. "కొట్లాటనే, గని శ్రుతిల ఉన్నది" అన్నాను. మీ అమ్మకే పాట పట్టుబడలేదు. రొట్టెలు చేస్తూ ఏదో తప్పు రాగం తీస్తున్నది.

పుణె

నాయినకు దండాలతో హర్షిణి.

ఎవరికీ రాయకు! ఆ పాట కట్టిందే అట్లా. నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి బయలుదేరి, ఎవరి దారిన వాళ్లు నడిచి, చివర ఒక్కచోట కలుస్తాయి. ఒక గొంతును పట్టుకుని దాని వెంటే పో. అందులో నాదేదో కనిపెట్టు. నేను ఉన్నా లేకున్నా ఎవరికీ తెలియదనిపిస్తున్నది, బృందం మానేద్దామనుకుంటున్నా. నువ్వు గుర్తుపడితే మాత్రం ఉంటా.

ఎదురుచూసే
హర్షిణి

తా.క.: తాళాలు పంపొద్దు.

ఇంద్రేశం

నా పాటల తల్లికి, ఆనందం పట్టలేని నాయిన రాసేది.

తాళాలు నిన్ననే బస్సు పార్సిల్‌లో వేశాను. పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చుని మండలివాళ్లం తలా ఒక గొంతు పట్టుకున్నాం. యాదగిరి అడుగున ఉన్న లావు గొంతు, చిన్నరాములు దాని మీది గొంతు. షిఫ్టు బస్సుల రొద ఎక్కడో నీళ్ల అడుగుకు పోయినట్టయింది. నేను అన్నిటికన్నా పై గొంతును పట్టుకుని, కంపెనీల పొగగొట్టాలు దాటి, మబ్బుల మీద నడిచాను. అది నీదే! కండ్లనీళ్లు ఆగలేదు. ఊరంతా చెప్పాను. పైనుంచి రెండోది ఎవరిదోగానీ, ఉన్నా లేకున్నా ఒకటే.

మబ్బుల మీది నుంచి
నాయిన

తా.క.: "జెర ఆపు, పాట ఖరాబ్ చేస్తున్నవ్" అని మీ అమ్మను కసిరాను. "నాకు గిట్లనే వినొస్తది" అన్నది.

పుణె

నాయినకు హర్షిణి.

పై గొంతు శ్రీదివ్యది, నా పక్కన నిలబడే పిల్ల. ఉన్నా లేకున్నా ఒకటే అన్నావే, అది నేను. నువ్వే పట్టుకోలేదంటే ఇంకెవరు పట్టుకుంటారు? ఆదివారం పోయి మానేస్తానని చెప్తా.

నీకు వినబడని
హర్షిణి

తా.క.: తాళాలు అందాయి. అమ్మను పాడుకోనియ్యి.

ఇంద్రేశం

నా తల్లికి, తల దించుకుని మొదలుపెట్టి తల ఎత్తుకుని ముగిస్తున్న నాయిన రాసేది.

మానొద్దు! నీ ఉత్తరం చదివి ఆ రెండో గొంతు కోసం ఎంత వెతికినా దొరకలేదు. విసుగొచ్చి స్పీకర్ ఆపాను. వంటింట్లో మీ అమ్మ కూనిరాగం ఆగలేదు. ఆ తప్పు రాగం చెవిలో ఉండగానే పాట మళ్లీ పెట్టాను. తల్లీ, ఆ రాగం పాటలోనే ఉన్నది! శ్రీదివ్య నీడలో, సప్పుడు లేకుండా, చివరిదాకా. "ఎట్ల కనిపెట్టినవే?" అని మీ అమ్మను అడిగాను.

"కనిపెట్టేదేంది? మొదటి దినం సంది నా బిడ్డ ఒక్కతే గదా పాడుతున్నది. ఇంకెవరున్నరు?" అన్నది.

అమ్మ వెంట నడుస్తూ నిన్ను చేరుకున్న
నాయిన

తా.క.: నువ్వు ఊపిరి తీసుకునే చోటల్లా మీ అమ్మ రొట్టె తిప్పుతున్నది. నువ్వు మానేస్తే ఇక మాకు మాడిన రొట్టెలే.