గురుడి కడుపులో ఏముంది

ట్యూనిస్, మే 3

ఖద్దూజా పెద్దమ్మకు దొర్సాఫ్ సలాములు.

ఫోన్లో నా మాట నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను. నాలుగేళ్ళుగా ఏం చదువుతున్నావని అడిగావుగా. గురుడి కడుపులో ఏముందో లెక్క కడుతున్నాను. ఒళ్ళంతా వాయువే. నడుం దగ్గర ఉబ్బు. లోపల గట్టి ముద్ద ఉందని పాతవాళ్ళ మాట. అది కరిగి చుట్టూ కలిసిపోయిందని నా లెక్క. వచ్చే నెల పరీక్ష గట్టెక్కితే డాక్టర్ని అవుతాను.

నీ దొర్సాఫ్

*

కైరవాన్, మే 9

బంగారు తల్లికి పెద్దమ్మ దీవెనలు.

మీ గురువుగారి సంగతి చదివి మనసు పాడైంది. ముద్ద కరగడం మంచిదే. వాయువుకు మాత్రం షాజీరా పొడిని మించింది లేదు. ఒక పొట్లం నేరుగా ఆయనకే, మీ యూనివర్సిటీకి పంపాను.

పెద్దమ్మ

తా.క. నా చెల్లెలి కూతురు పొట్టల డాక్టరని హమ్మాంలో స్నానానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పాను.

*

ట్యూనిస్, మే 16

పెద్దమ్మా, సలాం.

ఎంత పని చేశావు. గురుడంటే మా గురువుగారు కాదు, ఆకాశంలో ఉన్న గ్రహం. నీ పొట్లం మా శాఖాధిపతి జల్లూల్ గారి బల్ల మీదికి చేరింది. ‘రెండు పూటలా వేసుకోండి, సిగ్గుపడకండి’ అని రాశావట. అందరి ముందూ చదివారు. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. పరీక్ష చేసేదీ ఆయనే, అదీ ఎవరైనా వచ్చి వినే హాల్లో.

ఆయన రాళ్ళ శాస్త్రజ్ఞుడు, పగలగొట్టి చూస్తే తప్ప నమ్మరు. గురుడి లోపలికి ఎవరూ వెళ్ళలేదు. పక్కనుంచి పోయే అంతరిక్ష నౌకను ఆ గ్రహం ఎటు, ఎంత లాగిందో చూసి లోపలిది చెబుతాం. ‘చూడకుండా ఎలా చెప్పావు’ అని నిలదీస్తే నా నోరు పెగలదేమో.

దొర్సాఫ్

*

కైరవాన్, మే 22

తల్లీ,

నలభై ఏళ్ళు మంత్రసాని పని చేశాను. వేల కడుపులు చూశాను, ఒక్కటీ కోయలేదు. బిడ్డ ఎటు తిరిగిందో చేతికి తెలుస్తుంది. నీదీ అదే పనన్నమాట. తల దించుకోకు. రావాలనే ఉంది గానీ మోకాళ్ళు కదలనివ్వడం లేదు.

పెద్దమ్మ

తా.క. గురుడు మనిషి కాదని హమ్మాంలో దిద్ది చెప్పాను. అంత పెద్ద గ్రహానికి వాయువు పట్టిందని అందరూ జాలిపడ్డారు.

*

ట్యూనిస్, జూన్ 12

పెద్దమ్మా, నీ చేతులకు ముద్దులు.

అనుకున్నట్టే జల్లూల్ గారు అడిగారు: “లోపలికి తొంగి చూసినవాళ్ళెవరమ్మా?” నేను కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాను. అప్పుడు వెనక వరుసలో తెల్ల సఫ్సారీ ముసుగు కప్పుకున్న ఒకావిడ లేచింది. “అయ్యా, మీ అమ్మ కడుపులో మీరున్నారని ఎవరు కోసి చూశారు?”

హాలంతా ఆయన వైపు తిరిగింది. ముందు నవ్వింది ఆయనే. ఆ నవ్వుతో నాకు మాట వచ్చింది. నలభై నిమిషాలు ఆగలేదు. ఒక్కో అంకె అడిగారు, ఒక్కో అంకె చెప్పాను. చివరికి, “కరిగిందంటే కరిగిందే, డాక్టర్ దొర్సాఫ్” అన్నారు.

నేను వెనక్కి పరిగెత్తేసరికి నువ్వు లేవు. మోకాళ్ళ నొప్పన్నావు, ఏ బస్సు పట్టుకుని వచ్చావో.

ఆవిడెవరని అందరూ అడిగారు. మా వృత్తిలో పెద్దావిడ అని చెప్పాను.

నీ దొర్సాఫ్

తా.క. జల్లూల్ గారి కూతురికి ఏడో నెల. కవలలేమోనని బెంగట. ఆదివారం కారు పంపుతారట, వస్తావా అని ఆయనే అడగమన్నారు.