నల్ల అద్దాల మీద అర్జీ

ఇన్‌స్పెక్టర్ గారికి,

నిన్న ఉదయం ఆసుపత్రి మలుపు దగ్గర మీ కానిస్టేబుల్ నా కారు ఆపి, అద్దాలకున్న నల్ల ఫిల్మ్ ఊడబీకాడు. చట్టం అతని పక్షానే ఉంది. ఆ చట్టం పుస్తకం మీకంటే ముందే చదివినవాణ్ని, కాదనను. కానీ నా భార్యది ఎండ సోకితే ఒళ్లంతా బొబ్బలెక్కే జబ్బు. మందు ఎక్కించడానికి ప్రతి గురువారం ఆ దారినే తీసుకెళ్లాలి. నిన్న దుప్పటి కప్పి ఇంటికి తెచ్చినా మెడంతా పొక్కిపోయింది.

"నన్నేం చెయ్యమంటారు పెద్దాయనా? ఈ మలుపులో నల్ల అద్దాల కార్లు ఆపాలని ఎవరో అర్జీల మీద అర్జీలు పెట్టారు. మేమూ ఎండలో మాడుతున్నాం" అన్నాడు మీవాడు.

"ఎవడండీ ఆ కడుపుమంట మనిషి? వాడి చెయ్యి పడిపోను!" అంది నా భార్య దుప్పటిలోంచి.

ఆ అర్జీలు నావే. ఎదురింటి కాంట్రాక్టరు రోజూ తన కారు నల్ల అద్దాల వెనక నుంచి నన్ను చూసి నవ్వుతున్నాడని పెట్టాను. అతను రోజూ పనికి పోయేది ఆ మలుపులోంచే. నవ్వాడనే ఇప్పటికీ అంటాను.

వచ్చే గురువారానికి అనుమతి కాగితం ఇప్పించండి. చట్టం ఒప్పుకోదంటే ఇంకో దుప్పటి కప్పుతాను. ఆ అర్జీల కింద సంతకం ఎవరిదో మాత్రం మీవాడికి చెప్పకండి. అతను కారు ఆపినప్పుడు ఆమె నా పక్కనే ఉంటుంది.

ఇట్లు,
మీకు బాగా తెలిసిన అర్జీదారు