తెగిన కూత

ఆటోనగర్,
ఆదివారం

ప్రియమైన కోటీ,

ఫోన్ చేస్తే ఈమధ్య నువ్వు సగం మాటలకే "ఆ... ఆ... సర్లే" అని పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం. వెల్డింగ్ చేసే చేతి రాత, ఓపిక చేసుకుని చదువు.

మొన్న హనుమాన్ జంక్షన్ కుర్రాళ్లతో కబడ్డీ ఫైనల్లో మన కంకిపాడు తరఫున ఆఖరి కూతకు వెళ్లింది నేను. నలభై రెండేళ్లొచ్చినా మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి. ఊపిరే వినడం లేదు. ఒక్క ఊపిరిలో సాగాల్సిన కూత, వాళ్లవాణ్ణి తాకకముందే తెగిపోయింది కోటీ. పెదాలైతే ఆడుతూనే ఉన్నాయి, శబ్దం లేదు. గాలి పీల్చుకుని మళ్లీ అందుకున్నాను. రూలు ప్రకారం అక్కడే అవుట్. అంపైర్‌వి నువ్వు, మూడడుగుల దూరంలో నిలబడి నా మూతి వంకే చూస్తున్నావు. విజిల్ ఊదలేదు. ఒక్క పాయింటుతో కప్పు మాదైంది.

అందరూ భుజాలకెత్తుకుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషమనుకున్నారు. ఇన్నేళ్లలో నా మీద ఎన్నిసార్లు విజిల్ ఊదావు! అప్పుడు కోపమొచ్చేది. ఇప్పుడు ఊదకపోతే అంతకంటే అవమానంగా ఉంది. ముసలోడైపోయాడని జాలిపడ్డావు కదూ? మా స్టెల్లా ఏమో "జాలి కాదండీ, స్నేహం" అంటోంది. స్నేహమైనా నాకొద్దు. వాళ్ల కెప్టెన్ ఫిలిప్‌కు నిజం చెప్పేసి ఆట మానేస్తాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

నీ
ఎలీషా

కంకిపాడు,
గురువారం

ఒరేయ్ ఎలీషా,

జాలా? నీ మీదా? నీ కూత తెగిందన్న సంగతి నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది!

రెండేళ్లుగా నా చెవులు సరిగా పనిచెయ్యడం లేదురా. జనం గోల మొదలైతే ఏమీ వినపడదు. ఆటగాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. విజిల్ లాగేసుకుంటారని మా మాణిక్యానికి కూడా చెప్పలేదు. నీ పెదాలు ఆడాయి, నేను నమ్మాను. సిగ్గుపడాల్సింది నేను.

నిన్న జంక్షన్ వెళ్లి ఫిలిప్‌కు ఇద్దరి సంగతీ చెప్పేశాను. వాడేదో అన్నాడు, మూడుసార్లు చెప్పించుకున్నాను. "కప్పు మాకిచ్చెయ్యండి మాస్టారూ. ఆట మాత్రం మానొద్దనండి. ఆయన కార్నర్లో నిలబడి కాలు పట్టారంటే నేనే విడిపించుకోలేను" అన్నాడు. నిజమేరా, పట్టు పట్టడానికి కూతెందుకు?

శనివారం కప్పు తీసుకుని రా, కలిసి వెళ్లి ఇచ్చొద్దాం. దారిలో నా చెవి మిషను సంగతి కూడా చూద్దాం. విజిల్ మా స్కూలు బీరువాలో పెట్టేశాను. వచ్చే ఏడు నువ్వు కార్నర్, నేను స్కోరు బోర్డు. తప్పు రాస్తే తిట్టు, కాస్త గట్టిగా తిట్టు.

నీ
కోటి