ఆవకాయ కార్డు

శనివారం, పడుకోబోయే ముందు

ఈ సంబరం రాసుకుంటేగానీ నిద్ర పట్టేలా లేదు! టీచరు ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి రాసుకున్న డీఎస్సీ నోట్సు మొత్తం ఫోటోలు తీసి ఏఐ ఏజెంటుకి ఇచ్చాను. "ప్రశ్న ఒకవైపు, జవాబు ఇంకోవైపు ఉండేలా కార్డులు చేసిపెట్టండి" అని టైపు చేశాను. దానికి కూడా 'అండి' ఏంటని మా ఆయన ఒకటే నవ్వు. కుక్కర్ దించేలోపు వందల కార్డులు ఫోన్లోకి వచ్చేశాయి!

అత్తయ్యగారు ముందు ఫోనుకి కుంకుమ బొట్టు పెట్టారు. తర్వాత కళ్లద్దాలు తగిలించుకుని, "నేనడుగుతానమ్మా, నువ్వు చెప్పు" అంటూ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. శిశు వికాస దశలు తప్పాను. అభ్యసన సూత్రాలూ తప్పాను. కార్డు తిప్పి చూసి ఆవిడ "తప్పు!" అని హుషారుగా అరుస్తుంటే నాకు గుబులు మొదలైంది. చేత్తో కార్డులు రాసుకున్నప్పుడు రాస్తుండగానే సగం వచ్చేసేది. ఇప్పుడు అన్నీ ఫోన్లో ఉన్నాయి. మరి నా బుర్రలో...

ఇంతలో ఆవిడ ఆగి, "ఇదేంటమ్మా, ఆవకాయకి కారం, ఆవపిండి ఎంతెంత కలపాలి అని అడుగుతోంది?" అన్నారు. నిరుడు ఆవిడ చెబుతుంటే నేనే కలిపి, ఆ కొలతలు నోట్సు చివర రాసుకున్నాను. ఏజెంటు దాన్నీ పాఠమే అనుకుంది!

"రెండూ సమానం, ఉప్పు కాస్త తక్కువ" అన్నాను, ఆలోచించకుండానే.

ఆవిడ కార్డు తిప్పనైనా తిప్పలేదు. "కరెక్టు! కలిపిన చెయ్యి మర్చిపోద్దేంటి?"

తప్పినవన్నీ ఒకసారి చేత్తో రాసి చూడాలి. ఆవకాయ కార్డు మాత్రం తీసెయ్యను. రోజుకొక్కసారైనా ఆవిడ నోట 'కరెక్టు' వినాలి కదా!